చుక్కని తొక్కని గీత

మా ఎదురింటి అన్నయ్యగారు పోయారు. ఒక బుధవారం పొద్దున నేను మామిడి ముక్కలు తుడిచి గుడ్డ మీద ఆరబోస్తుంటే వాళ్ళావిడ రోడ్డు దాటి వచ్చి మా మెట్టు దగ్గర నిలబడ్డారు. చేతిలో ఆయన కళ్ళజోడు ఉంది. "వదినా, మీ అన్నయ్యగారు లేవట్లేదు. ఒకసారి వచ్చి చూడవా" అన్నారు. వెళ్ళి చూశాను. వీధి గదిలో పడక్కుర్చీలో, ఒళ్ళో పేపరు పెట్టుకుని, కునుకు తీస్తున్నట్టే ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

నిజమే రాస్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు. 'అమ్మయ్య, ఇంక చెప్పక్కర్లేదు' అనిపించింది. ఏడుపు ఆ తరవాత వచ్చింది. అది ఆయన పోయినందుకో, నాకు అలా అనిపించినందుకో ఇప్పటికీ తెలీదు.

ఆయన పేరు మీద చిన్న పుస్తకం వేస్తున్నాం, మీరూ నాలుగు మాటలు రాయండి అని మా వీధివాళ్ళు అడిగారు. నేను ఐదో తరగతి వరకే చదివాను. పుట్టింటికి ఉత్తరాలు రాయడం తప్ప వేరే రాత ఎరగను. మంచి మాటలు మీరంతా రాసే ఉంటారు. నేనూ రాస్తాను. అయితే దాంతో పాటు ఇంకొకటి కూడా రాయాలి. అది రాయకుండా ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయనది ఈ తిరువూరే. ఉద్యోగం మాత్రం దూరాన, పెద్ద విమానాశ్రయం పక్కనున్న ఒక మున్సిపాలిటీలో. సర్వీసంతా అక్కడే ప్లాన్ల సెక్షన్లో పటాలు గీసే పనిలో గడిచింది. రిటైరయ్యాక వచ్చి మా ఎదురిల్లు కొనుక్కున్నారు. వచ్చిన కొత్తలో మా వీధిలో అందరం ఆయన విమానాల్లో పనిచేశారనే అనుకున్నాం. నేనే ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"విమానాలు మీరు నడిపేవారా అన్నయ్యగారూ?"

"లేదు చెల్లెమ్మా. విమానాలకి తగలకుండా ఇళ్ళు పొట్టిగా ఉండేట్టు చూసేవాణ్ణి" అన్నారు.

నవ్వుతాలుకి అన్నారనుకున్నాను. కాదట. విమానం దిగే దారి కింద ఇల్లు కట్టుకుంటే ఎంత ఎత్తు కట్టాలో లెక్క ఉంటుందట. రన్‌వేకి దగ్గరయ్యేకొద్దీ ఇల్లు పొట్టిదవ్వాలి. పై అంతస్తు వేసుకుంటామని వచ్చిన వాళ్ళకి కాగితం మీద గీసి చూపించి, కుదరదు నాయనా అని చెప్పి పంపడం ఆయన పని. "నేలకే కాదు, ఆకాశానికీ సరిహద్దు రాళ్ళుంటాయి. కంటికి కనపడవు, అంతే" అనేవారు. ఆ ఊరి గురించి అడిగితే మాత్రం ఒకే మాట. "విమానాశ్రయం పక్క ఊరంటే పెళ్ళింటి పక్కిల్లు చెల్లెమ్మా. సందడి వాళ్ళది, విస్తరాకులు మనవి."

ఆయనకి ఒక వింత అలవాటు ఉండేది. అది చూడని వాళ్ళు మా వీధిలో లేరు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, చూపుడువేలు పైకెత్తి ఉండిపోయేవారు. వీధిలో మామిడికాయల లోడుతో రెడ్డిగూడెం వైపు నుంచి ట్రాక్టరు వస్తుంటే, అది మలుపు తిరిగే దాకా అలాగే ఉండి, వేలు దించి, ఏ మాట దగ్గర ఆపారో సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకునేవారు. ఆ ఆఫీసులో అందరికీ అంతేనట. విమానం నెత్తి మీద నుంచి పోతుంటే ఎవరికీ ఏమీ వినపడదు. అర్జీ ఇచ్చేవాళ్ళూ, పుచ్చుకునేవాళ్ళూ, తిట్టేవాళ్ళూ, తిట్లు తినేవాళ్ళూ అందరూ నోరు తెరిచి ఆగిపోయేవారట. "ఆ ఆగడంలో చాలామంది తిట్టబోయిన తిట్టు మింగేసేవాళ్ళు. మంచి అలవాటు" అనేవారు. మా ఊరి మీద విమానం ఎప్పుడో గాని పోదు. అలవాటు మాత్రం ఆయనతో పాటు వచ్చేసింది.

ఇంకో అలవాటు. మునక్కాయ తినరు. ఆ సంగతి తెలియక ఒకసారి మునక్కాయ పులుసు పంపించాను. గిన్నె తిరిగొచ్చినప్పుడు ముక్కలన్నీ అడుగున అలాగే ఉన్నాయి. "పడదా అన్నయ్యగారూ, చెప్పొచ్చుగా" అంటే, "పడదని కాదులే" అని ఊరుకున్నారు. నేను ఆ రోజంతా పులుసులో ఏం తక్కువైందో అని బాధపడ్డాను.

నా సంగతి మీకు తెలిసిందే. గ్యాసు కట్టానో లేదో అని బస్సెక్కాక దిగి వెనక్కి వచ్చిన మనిషిని. గంపలగూడెం వెళ్ళడానికి షేరాటో ఎక్కితే చక్రం వైపే చూస్తూ కూర్చుంటాను. జాడీలో పచ్చడికి బూజు పడుతుందేమోనని మూత తీసి చూసి, తీసినందుకు బూజు పడుతుందేమోనని మళ్ళీ దిగులు పడతాను. మా ఆయన సగం చెవుడుతో బతికిపోయారు గాని, లేకపోతే నా గోల వినలేక సన్యాసం పుచ్చుకునేవారు. అన్నయ్యగారు నన్ను చూసి, "మా చెల్లెమ్మకి దిగులు లేని రోజు రాదు. ఒకవేళ వస్తే, ఇవాళ దిగులెందుకు లేదా అని దిగులు పడుతుంది" అనేవారు. ఆయన అంటే కోపం వచ్చేది కాదు.

పొద్దున్నే నేను ముగ్గు వేస్తుంటే ఆయన అరుగు మీద కూర్చుని చూసేవారు. ఒకరోజు మెలికల ముగ్గు వేస్తున్నాను. లేచి దగ్గరికొచ్చి, చెప్పులు దూరంగా విడిచి, వంగి చూశారు.

"చెల్లెమ్మా, ముందు చుక్కలు పెట్టావు. తరవాత గీత తిప్పుతున్నావు. గీత ఒక్క చుక్కని కూడా తొక్కట్లేదు చూశావా?"

"తొక్కితే ముగ్గెలా అవుతుందండీ?"

"అదే. మా ఆఫీసులో ముందు గీత గీసేవాళ్ళం. చుక్కలెక్కడున్నాయో తరవాత వెతికేవాళ్ళం" అన్నారు. చుక్కలంటే ఇళ్ళని నాకు అప్పుడు అర్థం కాలేదు. "గీత గీసేముందు దాని మీద ఎవరు పడుకుని నిద్రపోతున్నారో చూడాలమ్మా" అని కూడా అన్నారు.

తరవాత మా ఊరికి కొత్త ప్లాను వేస్తున్నారన్నారు. ఇంకా ఖాయం కాలేదని, అందరూ చూసుకుని అభ్యంతరాలుంటే ఫలానా తేదీ లోపల రాసివ్వాలని, పెద్ద పటం ఒకటి మున్సిపల్ ఆఫీసు గోడకి తగిలించారు. అన్నయ్యగారికి పండగే. రోజూ వెళ్ళి ఆ పటం ముందు నిలబడేవారు. పసుపు రంగు ఇళ్ళనీ, నీలం రంగు కొట్లనీ, ఆకుపచ్చ తోటలనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. పటంలో తన పొలం పసుపు రంగులో ఉందని బెంగపెట్టుకున్న రైతుని కూర్చోబెట్టి, "రంగు చూసి భయపడకు, గీత చూసి భయపడు" అని నచ్చచెప్పారట.

ఆ గీతే మా వీధికి వచ్చింది. మా వీధి వెడల్పు చేస్తారని పటంలో ఉంది. మా ఇల్లు కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి మాకు మెట్లు పోతాయి. ఎదురు వరసకి ముందు గదులు పోతాయి. అన్నయ్యగారి వీధి గది మొత్తం పోతుంది. వదినగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన మాత్రం నాలుగు రోజులు చేతికర్ర పట్టుకుని వీధి వెనకాలంతా అడుగులతో కొలిచారు. ఇళ్ళ వెనక పాత కాలవ పూడిపోయిన ఖాళీ జాగా ఉంది. దారి అటు తిప్పితే ఒక్క గోడ కూడా పడదని పటం గీసి, అర్జీ రాశారు. నాకు చూపించి, "ఇదిగో నీ మెలికల ముగ్గు" అన్నారు.

కావలసింది వీధిలో వాళ్ళ సంతకాలు. మగవాళ్ళని అడిగితే ఒకరు చూద్దామంటారు, ఒకరు ఊళ్ళో లేరంటారు. అప్పుడు ఆయనే అన్నారు, "చెల్లెమ్మా, కాగితం పట్టుకెళ్తే తలుపు సగమే తీస్తారు. నువ్వు కుంకుమ భరిణె పట్టుకెళ్ళు" అని. నేనూ వదినగారూ పేరంటానికి పిలిచినట్టే భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళాం. బొట్టు పెట్టడం, కాగితం చాపడం. బొట్టు పెట్టించుకున్నాక కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. బియ్యం కొట్టు ఆవిడ, "పేరంటమైతే శనగలేవీ?" అంటూనే సంతకం చేసింది. రెండు సాయంత్రాల్లో పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ చేశారు.

నేను మాత్రం చెయ్యలేదు. పిలిచే మనిషి తనకి తాను బొట్టు పెట్టుకోదు కదా, చివర్న చేస్తాలే అన్నాను. వదినగారు నవ్వి ఊరుకున్నారు. అసలు కారణం అది కాదు. "అర్జీల మీద సంతకాలున్న ఇళ్ళకే ముందు టేపు పట్టుకొస్తారంట పిన్నిగారూ. పర్మిషను లేనివన్నీ బయటికి లాగుతారంట" అని అంతకుముందే మా వీధి చివరి టైలరమ్మ నా చెవిన వేసింది. తాను సంతకం పెట్టేసి మరీ చెప్పింది. ఆ మాట నా గుండెలో మేకులా దిగింది. మా ఇంటి పక్క రేకుల షెడ్డుకి ఏ పర్మిషనూ లేదు. నా జాడీలన్నీ అక్కడే. ఇరవై ఏళ్ళుగా పచ్చళ్ళు పెట్టి ఇంటికి ఇంత ఆసరా అయ్యానంటే ఆ షెడ్డు వల్లే. ఒక్క మాట అన్నయ్యగారిని అడిగితే తీరిపోయేది. అడిగితే ఆయనకి షెడ్డు సంగతి తెలుస్తుందని అడగలేదు. ఎదురింటి మనిషికి, రోజూ కళ్ళెదురుగా ఉన్న షెడ్డు తెలియదని నేను అనుకున్నాను చూడండి.

అర్జీలకి ఆఖరి రోజున ఆయనకి జ్వరం. "చెల్లెమ్మా, నువ్వే వెళ్ళి ఇచ్చిరా. కిటికీ దగ్గర ఇస్తే పుస్తకంలో రాసుకుని, మన కాపీ మీద ముద్ర వేస్తారు. ముద్ర మర్చిపోకు" అని కాగితాలు రెండూ నా చేతిలో పెట్టారు.

వెళ్ళాను. కిటికీ ముందు నాకంటే ముందు ఒకాయన ఉన్నాడు. లోపల కూర్చున్న అమ్మాయి ఆయన్ని, "ఇంటి నంబరు చెప్పండి, ప్లాను అప్రూవలు ఉందా?" అని అడిగింది. ఆయన పని వేరు. కొత్తగా కుళాయి కోసమో దేనికో వచ్చాడు. అది నాకు అప్పుడు తట్టలేదు. బల్ల మీద చుట్టచుట్టిన టేపు ఒకటి కనిపించింది. కాగితాలు కొంగు కింద దాచుకున్నాను. ఆ అమ్మాయి, "మీదేంటండి?" అంది. "ఏం లేదమ్మా" అని వెనక్కి తిరిగాను. దారిలో కరివేపాకు కొనుక్కుని ఇంటికొచ్చాను. అంత భయంలోనూ కరివేపాకు ఎందుకు గుర్తొచ్చిందో.

అన్నయ్యగారు దుప్పటి కప్పుకుని అరుగు మీదే కూర్చుని ఉన్నారు.

"ఇచ్చావా?"

"ఇచ్చేశానండి."

"ముద్ర?"

"వేశారు. కాపీ ఇంట్లో పెట్టాను, మళ్ళీ ఇస్తాను."

చూపించమని అడగలేదు. జ్వరం తగ్గగానే దగ్గర్లోని నెమలి ఊరి గుడికి వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీ పుణ్యాన మనవాళ్ళ మాట వెళ్ళింది" అన్నారు. ఆ పులిహోర నా నోటికి చేదుగా తగిలింది. కళ్ళకద్దుకుని తిన్నాను.

కాగితాలు జాడీల అరలో, పరిచిన పాత పేపరు కింద పెట్టాను. చింపడానికి ధైర్యం రాలేదు, బయటికి తీయడానికీ రాలేదు. మా ఆయనకి ఒకరోజు చెప్పాను. తలూపారు. ఏం విన్నారో తెలీదు.

కొన్నాళ్ళకి ప్లాను ఖాయమైంది. గీత పటంలో ఎలా ఉందో అలాగే ఉంది. మనుషులు వచ్చి గోడల మీద ఎర్ర గుర్తులు వేసి వెళ్ళారు. అన్నయ్యగారింట్లో గుర్తు వీధి గది వెనక గోడ మీద పడింది. కుర్రాళ్ళు టేపు వదులుగా పట్టి ఒక అడుగు ఇటు వేస్తే, ఈయనే పెన్సిలు చెవి మీద నుంచి తీసి, "తప్పు కొలిచారు నాయనా, ఇంకో అడుగు లోపలికి రావాలి" అని సరిచేశారు. వదినగారు తల పట్టుకున్నారు. "ఎవరైనా తమ ఇంటికి తామే గునపం అందిస్తారా? మీ నోటికి తాళం వెయ్యాలి" అన్నారు. "గీత గీతే. నాకు తగ్గిస్తే పక్కింటికి పెరుగుతుంది" అన్నారాయన. మర్నాటి నుంచి పడక్కుర్చీ ఆ గుర్తుకి ఇవతల, వీధి వైపు వేసుకుని కూర్చున్నారు. వచ్చిన వాళ్ళతో, "రండి రండి, రోడ్డు మీద కూర్చున్నాను" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

వీధిలో అందరూ అడిగారు, మన అర్జీ ఏమైందని. "అన్నిటినీ ఒప్పుకోరు కదా" అని ఆయనే సర్దిచెప్పారు. నా వైపు చూడలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని వెళ్ళాను. వదినగారు లోపల పడుకుని ఉన్నారు. ఆయన గ్లాసు కింద పెట్టి, ఉన్నట్టుండి ఆ విమానాశ్రయం ఊరి మాట ఎత్తారు.

అక్కడికి పెద్ద రోడ్డు వేస్తున్న రోజులట. దారిలో ఒక చిన్న పల్లె. అభ్యంతరాలకి ఆఖరి రోజు, ఆఫీసు మూసే వేళకి ఆ పల్లె నుంచి ఒక ముసలమ్మ నడుచుకుంటూ వచ్చి, ఎవరిచేతో రాయించిన కాగితం ఆయన చేతిలో పెట్టిందట. ఆ పొద్దునే పై ఆఫీసరు, ఇంక ఒక్క కాగితం కూడా పుస్తకంలో ఎక్కడానికి వీల్లేదని గట్టిగా చెప్పాడట.

"సొరుగులో పెట్టాను చెల్లెమ్మా. రేపు ఆయన మెత్తబడ్డాక ఎక్కిద్దామనుకున్నాను. రేపు కాస్తా వారమైంది. మర్చిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. మర్చిపోలేదు, భయపడ్డాను. ఆ కాగితం వెళ్తే దారి మారేదో, మారేది కాదో తెలీదు. మారదని తెలిస్తే నిద్రపట్టేది. మారేదని తెలిసినా ఏడ్చి ఊరుకునేవాణ్ణి. తెలీదు. అదే కష్టం. ఆవిడ మళ్ళీ వచ్చి, నా కాగితం ఏమైంది నాయనా అంది. ఇచ్చావుగా అమ్మా, వెళ్ళింది అన్నాను. అప్పుడు ఆవిడ..."

అని ఆగి, చూపుడువేలు పైకెత్తారు.

నేను వీధి వైపు చూశాను. ట్రాక్టరు లేదు. లారీ లేదు. మండే ఎండలో వీధంతా ఖాళీ. పైన విమానమూ లేదు. ఆయన వేలు అలాగే ఉంది. నా కళ్ళలోకి చూస్తున్నారు. కోపంగా కాదు. నేను ముగ్గు వేస్తుంటే గీత ఎటు తిప్పుతానో అని చూస్తారే, అలాగ. ఆయనకి మొత్తం తెలుసని నాకు తెలిసిపోయింది. మాట నోటి దాకా వచ్చింది. పళ్ళ దగ్గర ఆగిపోయింది.

"పొయ్యి మీద పాలున్నాయి అన్నయ్యగారూ" అన్నాను.

వేలు మెల్లగా దించారు. "వెళ్ళమ్మా. పొంగిపోతాయి" అన్నారు.

పొయ్యి మీద పాలు లేవు. ఇంటికి వచ్చి షెడ్డులో జాడీల మధ్య కూర్చున్నాను. రేపు చెప్తాననుకున్నాను. ఆ రేపు ఎన్ని రేపులవుతుందో ఆయన కథే నాకు ముందుగా చెప్పింది. ఆ తరవాత కూడా ఆయన నా మజ్జిగ తాగారు, నా ముగ్గు చూశారు, నా దిగుళ్ళకి నవ్వారు. షెడ్డు మీద రేకు కదులుతోందని ఒకరోజు మనిషిని పిలిచి మేకులు కొట్టించారు. "దీనికేం భయం లేదులే చెల్లెమ్మా, ఆ గీతకీ దీనికీ సంబంధమే లేదు" అన్నారు. నేను అడగని ప్రశ్నకి జవాబు అది. కథ చివర మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేను అడగలేదు.

ఆయన పోయిన పన్నెండో రోజు అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయాక, జాడీల అరలోంచి ఆ కాగితాలు తీశాను. జాడీ అడుగు ఆనిన చోట నూనె గుండ్రంగా ఇంకిపోయింది. కొంగున దాచుకోకుండా చేత్తో పట్టుకునే రోడ్డు దాటాను.

వదినగారు వీధి గదిలో కింద కూర్చుని ఉన్నారు. పడక్కుర్చీ దాని చోటే ఉంది. కాగితాలు ఆవిడ ముందు పెట్టి, నేను ఇవ్వలేదు వదినా అన్నాను. ఆవిడ చదవలేదు, తిరగేసి కూడా చూడలేదు.

"తెలుసు. గుర్తులు వేసిన వారమే ఆయన వెళ్ళి పుస్తకం చూసొచ్చారు. అందులో లేదు. నేను అప్పుడే నీ ఇంటి మీదికి రాబోయాను. చెల్లెమ్మే చెప్తుంది, నువ్వు అడక్కు అన్నారాయన." కాగితాలు పక్కకి జరిపి, "ఆయన ఎదురుచూశారు వదినా. నేను చూడలేదు" అన్నారు.

ఏడవడానికి కూడా హక్కు లేదనిపించింది. ఒకటే అడగగలిగాను.

"ఆ విమానాశ్రయం ఊళ్ళో ముసలమ్మ... వెళ్ళింది అని ఆయన చెప్పాక ఏం చేసింది?"

"నీకు చెప్పలేదా?"

"నేను వినలేదు."

"మర్నాడు కట్టెడు మునక్కాయలు తెచ్చి ఇచ్చింది. నా పని చేసిపెట్టావు నాయనా, ఇంటికి పట్టుకెళ్ళు అంది. ఇంటికి తెచ్చారు. నేను సంగతి తెలియక పులుసు పెట్టాను" అన్నారు వదినగారు.

నాకు నెమలి పులిహోర గుర్తొచ్చింది.

అప్పుడు ఆవిడ కాగితం చేతిలోకి తీసుకున్నారు. పద్నాలుగు సంతకాలు వరసగా ఉన్నాయి. బియ్యం కొట్టు ఆవిడ సంతకం పక్కన కుంకుమ వేలిముద్ర కూడా పడింది. ఈ పుస్తకం చదివే మీరు ఆ పద్నాలుగు ఇళ్ళవాళ్ళే. బొట్టు పెట్టి పుచ్చుకున్న మీ మాట నా జాడీల కింద ఉండిపోయింది. గదులు పోతాయని బెంగపడుతున్న వాళ్ళు నన్ను ఏమన్నా సరే, పడతాను. ఎదురుపడి చెప్పడానికి ఇంకా భయమే. అందుకే రాస్తున్నాను.

సంతకాల చివర కొంచెం ఖాళీ ఉంది. వదినగారు అక్కడ వేలు పెట్టారు. ఆ ఖాళీ పక్కన పెన్సిలుతో, సన్నటి గీత కింద, మా ఇంటి నంబరు రాసి ఉంది. ఆయన చేతిరాత. కాగితం నాకు ఇవ్వకముందే నా కోసం రాసి ఉంచారు. అన్నాళ్ళు దాచాను గాని నేను అది చూడలేదు.

"రోడ్డు పని మొదలుకాలేదు. ఇంటింటికీ నోటీసు వచ్చినప్పుడు మళ్ళీ చెప్పుకోవచ్చట, ఆయనే అనేవారు" అని ఆవిడ లేచి, కుర్చీ పక్కన గూట్లోంచి ఆయన పెన్ను తెచ్చి ఇచ్చారు. దయతో ఇచ్చారో, ఇంకెలా ఇచ్చారో నేను తలెత్తి చూడలేదు. నూనె ఇంకిన చోట పెన్ను సరిగా పడలేదు. రెండుసార్లు దిద్దాను. నా పేరు కుదిరీ కుదరకుండా వచ్చింది.

"రేపు పొద్దున ఇద్దరం వెళ్దాం. కిటికీ దగ్గర నువ్వే ఇవ్వాలి. పుస్తకంలో రాసుకున్నాక..."

మలుపు దగ్గర ట్రాక్టరు చప్పుడైంది. మామిడికాయల లోడు. వదినగారు మాట ఆపేసి, తనకి తెలియకుండానే చూపుడువేలు పైకెత్తారు. నేనూ నోరు మూసుకున్నాను. ట్రాక్టరు గోడలు అదిరేలా మా ముందు నుంచి వెళ్ళింది. ఎర్ర గుర్తు పక్కన సున్నం పెచ్చు ఒకటి రాలి కుర్చీలో పడింది. చప్పుడు దూరమైంది, పూర్తిగా ఆగిపోయింది. ఆవిడ వేలు ఇంకా దించలేదు. మేమిద్దరం ఆ కుర్చీ వైపే చూస్తూ, ఆగిన మాట ఎవరైనా అందుకుంటారేమోనని కూర్చున్నాం.